బండకు పేరుంది, బండ కొట్టినోనికి పేరు లేదు

హైదరాబాద్ బండల మీద పుట్టిన నగరం. గోల్కొండ కోట కట్టింది బండ గుట్ట మీద. ఫలక్‌నుమా ప్యాలెస్ ఉన్నది గుట్ట మీద. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ పేర్లల్లనే గుట్టలున్నాయి. పడమటి దిక్కు సైబరాబాద్ అని పిలుస్తున్న జాగలోని ఊళ్ల పేర్లు చూడండి: కొండాపూర్, రాయదుర్గం, గుట్టల బేగంపేట. గుట్టల బేగంపేటలో ఇప్పుడు గుట్ట కోసం వెతుక్కోవాలి. పేరు మాత్రం రిజిస్ట్రేషన్ కాగితాల మీద మిగిలింది.

ఈ గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏండ్లని భూగర్భ శాస్త్రం చెప్తుంది. ఎండకు, వానకు పైపొరలు ఊడిపోయి, ఎవరో ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు మిగిలిన గుండ్లివి. వీటి గురించి, వీటితో కట్టిన పాత భవనాల గురించి ముప్ఫై ఏండ్లుగా మస్తుగా రాస్తున్నారు. రాసేవాళ్లలో ఒక రకం, రాళ్లూ నవాబుల కట్టడాలూ పోతున్నాయని బాధపడేవాళ్లు. ఇంకో రకం, గుట్టలు పోయిన చోట లేచిన అద్దాల మేడల్ని చూసి మురిసేవాళ్లు. ఒకరు గతం కోసం, ఇంకొకరు భవిష్యత్తు కోసం కొట్లాడుతున్నట్టు కనిపిస్తుంది. కానీ ఇద్దరి రాతల్లోనూ ఒకటే ఖాళీ ఉంది. బండ కొట్టినోడు లేడు. తట్ట మోసిన ఆమె లేదు. నేను మాట్లాడదలుచుకున్నది ఆ ఖాళీ గురించి.

జాబితాలో ఎవరున్నారు

1995 డిసెంబరులో ఆనాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం హుడా జోనింగ్ నిబంధనల్లో 13వ నిబంధన తెచ్చింది. వారసత్వ కట్టడాలకు రక్షణ ఇచ్చే నిబంధన అది. భవనాలతో పాటు తొమ్మిది రాతి సముదాయాలనూ ఆ రక్షణ కిందికి తెచ్చారు. రాళ్లను కూడా వారసత్వమని చట్టంలో రాయడం మన దేశంలో అరుదైన పని. దాని వెనుక కొందరు పౌరుల పట్టుదల ఉంది. 1996లో రాళ్ల రక్షణ కోసం ఒక సంఘమే ఏర్పడింది. వాళ్ల కష్టాన్ని నేను తక్కువ చెయ్యను. వాళ్లు అడగకపోతే ఈ మాత్రం బండలు కూడా ఉండకపోవచ్చు.

అయితే ఆ జాబితాలోని పేర్లు చదవండి. బేర్స్ నోస్. మాన్‌స్టర్ రాక్. ఒబెలిస్క్. టోడ్‌స్టూల్. సెంటినెల్ రాక్. క్లిఫ్ రాక్. మష్రూమ్ రాక్. రాక్ పార్క్. దుర్గం చెరువు చుట్టున్న గుట్టలు అనే ఒక్కటి తప్ప అన్నీ ఇంగ్లీషు పేర్లే. ఈ గుండ్ల కింద వందల ఏండ్లుగా మేకలు కాసినోళ్లున్నారు, కట్టెలు ఏరుకున్నోళ్లున్నారు, కోడిని కోసి మొక్కు తీర్చుకున్నోళ్లున్నారు. మా ఊర్లె ప్రతి గుండుకూ పేరుంది. మైసమ్మ గుండు, జారుడు బండ, నక్కల గుట్ట. మాదాపూర్‌లోనూ మౌలాలిలోనూ మనుషులు పేర్లు పెట్టకుండా ఉన్నారా? రాయి చట్టంలోకి ఎక్కేటప్పుడు దాని పేరు మారింది. చూసేవాని పేరు పడ్డది, వాడుకున్నవాని పేరు రాలిపోయింది.

ఇది ఈ మధ్య మొదలైన పని కాదు. బంజారాహిల్స్‌నే తీసుకోండి. ఆ పేరు అక్కడ తండాలు వేసుకున్న లంబాడీలది. నిజాం ప్రభుత్వంలో పెద్ద అధికారైన మెహదీ నవాజ్ జంగ్ అక్కడ బండల్ని కలుపుకొని ఇల్లు కట్టుకున్నాడు. 1933లో హైదరాబాద్ వచ్చిన రవీంద్రనాథ్ ఠాగూర్ ఆ గుట్టల్ని చూసి 'కోహ్‌సార్' అనే కవిత రాశాడు. ఇప్పుడు ఆ గుట్టల మీద పెద్ద మనుషుల బంగళాలున్నాయి, పేరు మాత్రం లంబాడీలది. ఎర్రమంజిల్‌దీ ఇదే కథ. అది ఉన్న ఎర్రమట్టి దిబ్బకు జనం పెట్టుకున్న తెలుగు పేరులోని 'ఎర్ర' మీదికి, స్వర్గమని అర్థమొచ్చే పారశీక మాట 'ఇరమ్' వచ్చి కూర్చుంది. నవాబు ఫక్రుల్ ముల్క్ భవనం చరిత్రకెక్కింది, మట్టి పేరు కింద పడ్డది.

జాబితా రాసే చెయ్యికి జాబితా కొట్టేసే అధికారం కూడా ఉంటుంది. 2015 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం ఆ 13వ నిబంధననే తీసేసింది. 2017లో కొత్త వారసత్వ చట్టం వచ్చింది. కొత్త అసెంబ్లీ కోసం ఎర్రమంజిల్‌ను కూలగొట్టాలనుకుంటే 2019 సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. ఈ కొట్లాటలో ప్రభుత్వం, కోర్టు, నవాబు వారసులు, వారసత్వ ప్రేమికులు, అందరూ మాట్లాడారు. ఆ గోడలు ఎవరి చేతులు లేపినయో అడిగినోళ్లు మాత్రం కనపడలేదు.

రాతి కట్టడాన్ని చదవడం ఎట్ల

1908 సెప్టెంబరులో మూసీకి వరద వచ్చి వేల మంది కొట్టుకుపోయారు. 1911లో ప్లేగు వచ్చింది. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి నగరాన్ని కొత్తగా కట్టడం మొదలుపెట్టారు. ఇవాళ మనం పాత హైదరాబాద్ నడిబొడ్డు అని చూపించేదాంట్లో చాలా భాగం ఆ తర్వాత కట్టిందే. చార్మినార్ నుంచి నది దిక్కు పోయే పత్తర్‌గట్టి, మొజంజాహీ మార్కెట్, 1920లో తెరిచిన హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి. 1939లో తెరిచిన ఆర్ట్స్ కాలేజీ కూడా ఆ కాలానిదే. పుస్తకాలు వీటి గురించి ఏం చెప్తాయి? హైకోర్టుకూ ఆసుపత్రికీ విన్సెంట్ ఎష్, ఆర్ట్స్ కాలేజీకి బెల్జియం నుంచి వచ్చిన జాస్పర్. వీటన్నిటికీ ఏడో నిజాం. కమాను ఏ శైలిది, గుమ్మటం ఏ శైలిది, హిందూ ముస్లిం శైలులు ఎట్ల కలిసినయి, ఇదీ చర్చ. గంగా జమునా తెహజీబ్ అని ఒక అందమైన మాట.

ఆ కలయికలో మాల మాదిగలు ఎక్కడ? రాయి కొట్టే వడ్డెర ఎక్కడ? రెండు నదులు కలిసినయని చెప్పేవాళ్లు మూడో నీళ్ల సంగతి ఎత్తరు.

కూలీల గురించి శ్రీశ్రీ అడగలేదా అంటారు. అడిగాడు. తాజ్‌మహల్ గురించి 'దేశచరిత్రలు'లో వేసిన ప్రశ్న మనందరికీ నోటికొచ్చు. అది తెలుగులో పెద్ద ప్రశ్న. కానీ ఆ ప్రశ్న కూలీ దగ్గర ఆగింది. ఈ దేశంలో రాయి ఎత్తే పని ఎవరి నెత్తి మీద పడుతుందో కూలి రేటు ఒక్కటే నిర్ణయించదు, పుట్టుక నిర్ణయిస్తుంది. కూలీ అన్న మాటతో కులం కనపడకుండా పోయింది. అభ్యుదయ విమర్శ అరవై ఏండ్లు ఆ మాట మీదనే బతికింది.

నేను అనేది వాళ్ల కష్టం గురించే కాదు, వాళ్ల తెలివి గురించి కూడా. వడ్డెర బండ దగ్గరికి పోయి ముందు దాన్ని చూస్తడు, సుత్తితో తట్టి సప్పుడు వింటడు. పొర ఎటు పోతుందో, ఎక్కడ పగులు దాగుందో సప్పుడుతో చెప్తడు. ఆ గీత మీద ఉలితో వరసగా గుంతలు తొలుస్తడు, ఇనుప చీలలు దిగేస్తడు, సమ్మెటతో ఒక్కొక్కదాని మీద వరస తప్పకుండా కొడతడు. బండ గీత గీసినట్టు చీలుతుంది. పెద్ద పరుపు బండైతే మంట పెట్టి కాగబెట్టి పొర లేపుతడు. ఇది వాస్తుశిల్పం కాదా? రాయి ఎంత పొడుగు లేస్తుందో తెలిస్తేనే కదా దూలం ఎంత పెట్టాలో, కమాను ఎంత వెడల్పు కట్టాలో తేలేది. కాగితం మీద గీసినాయన పేరు ఆర్కిటెక్టు. బండ లోపల గీత కనిపెట్టినాయన పేరు లేబర్. కంచ ఐలయ్య 1996లో 'వై ఐ యామ్ నాట్ ఎ హిందూ'లో ఉత్పత్తి కులాల జ్ఞానం గురించి రేపిన చర్చ మన నగరాల కట్టడాల దాకా ఇంకా రాలేదు. రావాలి.

జాబితాల సంగతి ఇక్కడ కూడా ఉంది. మన దగ్గర వడ్డెరలు బీసీ ఏ గ్రూపులో ఉన్నారు. సరిహద్దు దాటి కర్ణాటకకు పోతే అదే పని చేసే భోవి, వడ్డలు ఎస్సీలు. బండ ఒక్కటే, సమ్మెట ఒక్కటే, జాబితా వేరు. రాయి ఏ పట్టికలో ఉండాలో, మనిషి ఏ పట్టికలో ఉండాలో రాసేది మనం కాదని దీంతో అర్థమైతుంది.

ఆ రాతి భవనాలు లేస్తున్న కాలంలోనే, అదే నగరంలో ఇంకో నిర్మాణం జరిగింది. భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టాడు, 1911లో మన్య సంఘం పెట్టాడు. ఇసామియా బజార్ లాంటి చోట్ల అంటరాని పిల్లలకు బడులు తెరిచాడు. చాదర్‌ఘాట్‌లో ఆది హిందూ భవనం నిలబెట్టాడు. మనల్ని మనం ఏమని పిలుచుకోవాలో మనమే చెప్పాలని కొట్లాడితే, 1931 జనాభా లెక్కల్లో నిజాం ప్రభుత్వం ఆది హిందువులని రాసింది. జాబితాలో మన పేరు మనం రాయించుకున్న సందర్భమది. ఆయన పోయింది 1939లో, ఆర్ట్స్ కాలేజీ తెరిచిన ఏడే. హైదరాబాద్ కట్టడాల మీద వచ్చిన రంగురంగుల పుస్తకాలు తిరగేయండి. ఆర్ట్స్ కాలేజీకి నాలుగు బొమ్మలుంటే, ఆది హిందూ భవనానికి ఒక్కటి దొరికితే గొప్ప. గుమ్మటం లేనిది, గ్రానైట్ లేనిది వారసత్వం కాదని ఎవరు చెప్పారు?

అద్దాల గోడ

1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించాడు. ఏపీఐఐసీతో కలిసి ఎల్ అండ్ టీ కట్టిన పదంతస్తుల గుండ్రటి భవనం. నాలుగు భాగాలు, మధ్యలో ఖాళీ ఆవరణ, ఫౌంటెన్. 2001లో పదిహేడు ఊళ్లను కలిపి 52 చదరపు కిలోమీటర్ల మేర సైబరాబాద్ డెవలప్‌మెంట్ అథారిటీ పెట్టారు. 2008లో అది హెచ్ఎండీఏలో కలిసిపోయింది.

కట్టడంగా దాన్ని చదువుదాం. పత్తర్‌గట్టిలో రాతి కమానుల కింద ఎండకూ వానకూ ఎవరైనా నిలబడొచ్చు. బండివాడు నిలబడతడు, బుర్ఖాలో ఆమె బేరం చేస్తది, కూలీ కూడా నడుం వాలుస్తడు. ఆ నీడను దయతో ఇయ్యలేదు, అంగడి నడవాలంటే జనం రావాలి కాబట్టి ఇచ్చారు. అయినా నీడ నీడే. సైబరాబాద్ కట్టడం రోడ్డుకు వీపు పెడుతుంది. ముందు గోడ, తర్వాత గేటు, తర్వాత కార్డు, తర్వాత పచ్చిక, ఆ తర్వాత భవనం. నీడంతా లోపలనే. బయట రోడ్డు మీద నిలబడేవాళ్లు స్విగ్గీ, జొమాటో పిల్లలు, సెక్యూరిటీ గార్డులు, ఊడ్చే ఆడవాళ్లు. అద్దంలో ఆకాశం కనిపిస్తుంది, పక్క మేడ కనిపిస్తుంది. కొన్ని ఆవరణల్లో గుట్టను పగలగొట్టి ఒక గుండును మాత్రం అలంకారానికి ఉంచుకుంటారు, చుట్టూ గడ్డి పెంచి, రాత్రిపూట దాని మీద లైటు వేసి. వేటగాడు గోడకు తగిలించుకున్న జింక తల లెక్క ఉంటది అది.

ఇక్కడ నా ఇంటి సంగతి చెప్పాలి. మాది పాలమూరు. మా నాయిన, అమ్మ గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని ఆ రోజుల్లో మాదాపూర్ దిక్కు పనికొచ్చారు. ఏ కంపెనీ కోసమో వాళ్లకు తెలియదు, మేస్త్రీ పేరే తెలుసు. నాయిన సమ్మెట పని, అమ్మ తట్ట. నేను ఊర్లె మా నాయనమ్మ దగ్గర ఉండి బడికి పోయిన. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే ముందు. పీహెచ్‌డీలో చేరినంక ఒకనాడు నాయినను, అమ్మను ఆ జాగ చూపియ్యమని తీసుకపోయిన. నాయిన చాలాసేపు అటు ఇటు తిరిగిండు. మేడల్ని చూసి గుర్తుపట్టలేకపోయిండు. ఆయనకు గుర్తున్నది ఒక గుండు.

"గీడనే ఉండె బిడ్డా, గంత పెద్ద గుండు, ఏడబాయె?"

అమ్మ అన్నది: "మీ చెల్లెను దాని నీడకే పండవెడుతుంటి."

ఒక గేటు ముందు ఆగితే గార్డు వచ్చి ఇక్కడ నిలబడొద్దన్నడు. ఆయనది కూడా పాలమూరే. ఊరి పేరు చెప్పుకున్నంక నీళ్ల సీసా ఇచ్చిండు. మేము నడుచుకుంట వచ్చేసినం. ఆ గుండు తొమ్మిది రాళ్ల జాబితాలో లేదు. దానికి ఇంగ్లీషు పేరు లేదు. మా చెల్లె దాని నీడకు పండుకుందని ఏ రికార్డులోనూ లేదు.

ఒక విషయం గమనించండి. రాళ్ల నిబంధన వచ్చింది 1995 డిసెంబరులో. భవన నిర్మాణ కార్మికుల చట్టం వచ్చింది 1996లో. కార్మికుల పేర్లు నమోదు చెయ్యాలని, కట్టే ఖర్చు మీద సెస్సు వసూలు చేసి వాళ్ల సంక్షేమానికి పెట్టాలని, పనిచోట పిల్లలను చూసుకునే గది ఉండాలని చెప్పే చట్టాలు అప్పుడే వచ్చినయి. అంటే రాయికీ రాయి కొట్టేవానికీ ఒకే కాలంలో కాగితం మీద చోటు దొరికింది. రాయి కోసం వ్యాసాలు, ఫొటో ప్రదర్శనలు, ఆదివారం నడకలు జరిగినయి. రెండో చట్టాన్ని వారసత్వ చర్చలో ఎత్తినోళ్లను నేను చూడలేదు.

తర్వాత కట్టేవాళ్లు మారారు. పాలమూరోళ్లతో పాటు ఒడిశా, బిహార్, జార్ఖండ్ నుంచి వచ్చినోళ్లు రేకుల షెడ్లలో ఉండి ఈ మేడలు లేపారు. 2020 మే 1న లాక్‌డౌన్‌లో దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు కదిలింది లింగంపల్లి నుంచి, జార్ఖండ్‌లోని హటియాకు, సుమారు 1,200 మందితో. లింగంపల్లి ఎక్కడుంది? ఐటీ కారిడార్ అంచున. సైబరాబాద్ కట్టినోళ్లు ఎవరో ఆ ఒక్క రోజు దేశానికి కనిపించింది, అదీ వాళ్లు ఇంటి దారి పట్టినప్పుడు.

మనవాళ్లతో ఒక మాట

మన మిత్రులు కొందరు అంటారు: బండలు పోతే పోనీ, మనకేం బాధ? ఊర్లె బండ మీద మనల్ని కూసోనిచ్చారా? నగరం రావాలి, ఉద్యోగాలు రావాలి, ఇంగ్లీషు రావాలి. ఈ మాటను నేను కొట్టిపారెయ్యలేను. 1948 నవంబరులో రాజ్యాంగ సభలో అంబేద్కర్ ఊరిని ఆకాశానికెత్తేవాళ్లను నిలదీసింది ఇందుకే. ఊరు వదిలితేనే నేను ఈ నాలుగు అక్షరాలు రాస్తున్న. ఊరి అందం గురించి, గుట్ట అందం గురించి ఏడ్చే హక్కు కూడా కడుపు నిండినోనికే ముందు వస్తది.

కానీ ఆ నగరం మనకు ఏమిచ్చింది, ఎంతిచ్చింది? ఆ మేడల్లోని ప్రైవేటు ఉద్యోగాల్లో రిజర్వేషన్ లేదు. లోపలికి పోయిన మన పిల్లలు ఇల్లు అద్దెకు అడిగితే ఇంటిపేరు అడుగుతారు, మాంసం తింటారా అని అడుగుతారు. ఊరు అద్దాల వెనకకు వచ్చి కూర్చుంది. అంబేద్కర్ చెప్పిన నగరం అంటే ఎత్తు భవనం కాదు, పుట్టుక అడగని వీధి. దాన్ని ఇంకా ఎవరూ కట్టలేదు.

2016 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో హాస్టల్ నుంచి వెలివేసిన ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులు బయట ఒక గుడారం వేసి, దానికి 'వెలివాడ' అని పేరు పెట్టారు. ఫ్లెక్సీలు, నాలుగు కట్టెలు, అంబేద్కర్, సావిత్రీబాయి ఫూలే బొమ్మలు. జనవరి 17న రోహిత్ వేముల చనిపోయిన తర్వాత దేశమంతా ఆ గుడారం వైపు చూసింది. నా లెక్కలో ఈ నగర వాస్తు చరిత్రలో సైబర్ టవర్స్ కంటే పెద్ద కట్టడం అది. ఆధునిక విద్యాలయం నడిమధ్యన ఊరి పటం ఎట్ల దాగి ఉందో నాలుగు కట్టెలతో గీసి చూపించింది.

అదే విశ్వవిద్యాలయం పక్కన, 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల మీదికి బుల్డోజర్లు వచ్చినయి. విద్యార్థులు అడ్డం పడ్డారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పని ఆపించింది. జింకల కోసం, నెమళ్ల కోసం దేశమంతా మాట్లాడింది. మాట్లాడాలె కూడా. కానీ 'కంచ' అంటే ఏంది? పశువులను మేపుకునే బీడు. ఊరుమ్మడి బతుకుకు ఆధారం. ఆ మాటను పేరులో పెట్టుకొనే ఆ భూమిని ఒకరు ఐటీ భూమి అన్నారు, ఇంకొకరు అడవి అన్నారు. మేపుకున్నోళ్ల ముచ్చట రెండు దిక్కులా తక్కువే వినిపించింది. గుట్టను మిగుల్చుకోవడానికి మనం వారసత్వవాదులతో, పర్యావరణవాదులతో కలిసి నిలబడాలి. కానీ వాళ్ల వాక్యంలో కర్మ పదంగా కాదు, కర్తగా నిలబడాలి.

మన జాబితా

ఇప్పుడు హుస్సేన్‌సాగర్ పక్కన 2023లో ఆవిష్కరించిన 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం ఉంది. సచివాలయానికి ఆయన పేరుంది. సంతోషమే. పేరు పెట్టించుకోవడం ఒక గెలుపు. కానీ పేరు పైన ఉండి, చేతులు కింద కనపడకుండా ఉంటే పాత లెక్కే నడుస్తుంది.

అందుకే జాబితా మనమే రాయడం మొదలుపెట్టాలె. అందులో ఆది హిందూ భవనం ఉండాలి, భాగ్యరెడ్డి వర్మ బడులు నడిచిన వీధులు ఉండాలి. వడ్డెర బస్తీలు, రాయి తీసి తీసి గుంతలైన క్వారీలు, పొద్దుగాల కూలీలు నిలబడే అడ్డాలు, వెలివాడ గుడారం వేసిన జాగ ఉండాలి. గోల్కొండ రాయితో పాటు ఆషాఢంలో ఆ గుట్ట ఎక్కే బోనం, దాని ముందు మోగే డప్పు ఉండాలి. ప్రతి వారసత్వ ఫలకం మీద కట్టించినవాని పేరు పక్కన ఏ కులాలు, ఏ ఊళ్లు కట్టినయో రాయాలని అడగాలి. కొత్త భవనాల కార్మికుల నమోదు పుస్తకాలను చరిత్ర పత్రాలుగా దాచిపెట్టాలని అడగాలి.

ఇది చదువుతున్న విద్యార్థులకు, టీచర్లకు నాదొక విన్నపం. మీ ఇంట్లో సమ్మెట పట్టినోళ్లు, తట్ట మోసినోళ్లు, సెంట్రింగ్ కొట్టినోళ్లు ఉంటారు. ఈ సెలవుల్లో వాళ్లను ఆ కట్టడాల దగ్గరికి తీసుకపోండి. ఏ గోడ, ఏ మేస్త్రీ, ఏ ఏడు, ఎవరు కింద పడ్డరు, పిల్లను ఎక్కడ పండవెట్టిండ్రు, అన్నీ రాసుకోండి. గేటు ముందు నిలబడొద్దంటే రోడ్డు అవతల నిలబడి రాసుకోండి. మా నాయిన వెతికిన గుండు ఇక దొరకదు. అది ఉన్న చోటు మాత్రం ఆయన చెయ్యి పెట్టి చూపించిండు. నేను రాసుకున్న.